యూనివర్సిటీ ఉద్యోగాల నోటిఫికేషన్లు మీకు ఎలా తెలుస్తున్నాయి? నెల్లూరు, ఒంగోలు వైపు వాళ్లు చెప్పండి

పొదిలి_వృక్షమిత్ర
ఎమ్మెస్సీ బోటనీ చేశాను. నెట్ (లెక్చరర్ అర్హత పరీక్ష) ఉంది, కిందటేడు పీహెచ్‌డీ కూడా వచ్చింది. ఒంగోలులో ఒక ప్రైవేట్ డిగ్రీ కాలేజీలో చెప్తున్నాను. ఈమధ్య ఒక యూనివర్సిటీలో మా సబ్జెక్టుకే గెస్ట్ ఫ్యాకల్టీకి (తాత్కాలికంగా పాఠాలు చెప్పేవాళ్లకి) వాకిన్ ఇంటర్వ్యూ, అంటే చెప్పిన రోజు నేరుగా వెళ్లే ఇంటర్వ్యూ జరిగింది. అంతా అయిపోయాక వాట్సాప్ గ్రూపులో ఎవరో ఫార్వర్డ్ చేస్తే చూశాను. పేపర్లో ప్రకటన లేదు. వెబ్‌సైట్‌లో 'రిక్రూట్‌మెంట్' అనే చోట కూడా పెట్టలేదు, ఎక్కడో సర్క్యులర్ల మధ్య ఒక పీడీఎఫ్ పెట్టి ఊరుకున్నారు. అర్హత ఉన్నవాళ్లకి తెలియకుండా ఇంటర్వ్యూ పెట్టడం ఎవరి కోసం? బాధగా ఉంది, కోపంగానూ ఉంది.

మీరంతా ఎక్కడ చూస్తున్నారు? ఇంకో సంగతి, మా తమ్ముడు బీకాం కంప్యూటర్స్ చదివాడు. యూనివర్సిటీ ఆఫీసులో ఉద్యోగం కావాలంటాడు. వాడు ఎక్కడ వెతకాలి?

పెన్నా_గట్టు
ఏ యూనివర్సిటీనో చెప్పండి మేడం, అందరం అడుగుదాం.

పొదిలి_వృక్షమిత్ర
పేరు వద్దులెండి. ఒక్కచోటే అయితే చెప్పేదాన్నేమో.

కాకుటూరు_బస్సు
నేను యూనివర్సిటీలో అకడమిక్ కన్సల్టెంట్‌గా, అంటే కాంట్రాక్టు మీద పాఠాలు చెప్తూ పనిచేస్తున్నాను, ఏళ్ల తరబడి. లోపల ఎలా జరుగుతుందో చెప్తాను. సెమిస్టర్ మొదలయ్యే ముందు డిపార్ట్‌మెంట్ హెడ్ వర్క్‌లోడ్ లెక్క రాస్తారు. ఇన్ని పీరియడ్లు ఉన్నాయి, ఇంతమందే ఉన్నాం అని. అది రిజిస్ట్రార్ దగ్గరికి, అక్కడి నుంచి వీసీ దగ్గరికి వెళ్లి తిరిగొచ్చేసరికి క్లాసులు మొదలైపోతాయి. అప్పుడు హడావుడిగా నోటీసు పెట్టి వాకిన్ పిలుస్తారు. చాలాసార్లు దాచాలని కాదు, ఫైలు ఆలస్యం. కానీ దెబ్బ తగిలేది మాత్రం బయట ఉన్న మీలాంటి వాళ్లకే, అది ఒప్పుకోవాలి.

కాబట్టి ప్రతి సెమిస్టర్ మొదట్లో రోజూ సైటు చూడండి. 'రిక్రూట్‌మెంట్' పేజీ ఒక్కటే చూసి మూసేయకండి. 'నోటిఫికేషన్స్', 'సర్క్యులర్స్', 'వాట్స్ న్యూ', 'టెండర్స్'... ఆఖరికి టెండర్ల పక్కన కూడా ఉద్యోగ ప్రకటనలు పెట్టిన సైట్లు చూశాను.

ఒంగోలు_గిత్త
సైట్లు చూస్తూ కూర్చుంటే ఉద్యోగం రాదండీ. డిపార్ట్‌మెంట్‌కి వెళ్లాలి, హెడ్‌ని కలవాలి, బయోడేటా ఇచ్చి రావాలి. అప్పుడే ఖాళీ వచ్చినప్పుడు గుర్తుంటాం.

కనిగిరి_కుర్రోడు
అంటే సిఫారసు ఉండాలంటారా అన్నా?

ఒంగోలు_గిత్త
సిఫారసు కాదు తమ్ముడూ, పరిచయం. రెండూ ఒకటి కాదు.

పొదిలి_వృక్షమిత్ర
నాకు ఒకటే అనిపిస్తోంది అన్నా. మా ఇంట్లో డిగ్రీ దాటింది నేనే మొదట. నాకు ఏ హెడ్ తెలుసు? ఎవరి ఛాంబర్ ముందు నిలబడాలి? పబ్లిక్ డబ్బుతో నడిచే చోట ఖాళీ ఉందని తెలుసుకోవడానికి పరిచయం అక్కర్లేకుండా ఉండాలి. నా బాధంతా అదే.

లైబ్రరీ_మూల
మేడం చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం.

రిటైర్డ్_సూపరింటెండెంట్
నేను యూనివర్సిటీ ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో (ఉద్యోగుల నియామకాల ఫైళ్లు చూసే చోట) పనిచేసి రిటైరయ్యాను. గిత్త గారి మాటలో కొంత నిజం ఉంది. బయోడేటా ఇవ్వడం తప్పు కాదు, ఎవరైనా ఇవ్వవచ్చు. అయితే బయోడేటా ఇచ్చినవాళ్లకు మాత్రమే ఫోన్ చేసి పిలిస్తే అది తప్పు. నోటీసు సైట్‌లో పెట్టారా లేదా, ఎంత గడువు ఇచ్చారు, ఎంతమంది వచ్చారు అనేవి ఆర్టీఐ కింద అడగవచ్చు. పది రూపాయల ఫీజు, ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఆ యూనివర్సిటీకి ఒక ఆర్టీఐ పెట్టండమ్మా. ఉద్యోగం రాకపోవచ్చు గానీ వచ్చేసారి నోటీసు సరైన చోట పెడతారు.

మీ తమ్ముడి సంగతి. రాష్ట్ర యూనివర్సిటీల్లో రెగ్యులర్ జూనియర్ అసిస్టెంట్ పోస్టులు బయటి వాళ్లకు రావడం చాలా అరుదు. కొన్ని కారుణ్య నియామకాలకు పోతాయి. మిగతా పని ఔట్‌సోర్సింగ్ మీద నడుస్తుంది, 2020 నుంచి ఆప్కాస్ అనే రాష్ట్ర ఔట్‌సోర్సింగ్ కార్పొరేషన్ ద్వారా తీసుకున్నారు. అందుకని ఆ అబ్బాయిని కేంద్ర సంస్థల వైపు చూడమనండి. అనంతపురం సెంట్రల్ యూనివర్సిటీ, విజయనగరం ట్రైబల్ యూనివర్సిటీ, తిరుపతిలో నేషనల్ సంస్కృత యూనివర్సిటీ, ఐఐటీ, ఐసర్, తాడేపల్లిగూడెం నిట్, హైదరాబాద్‌లో మూడు సెంట్రల్ యూనివర్సిటీలు. వీటిలో ఎమ్‌టీఎస్ (అటెండర్ తరహా పని), ఎల్డీసీ (క్లర్కు), ల్యాబ్ అసిస్టెంట్ లాంటివి వస్తుంటాయి. ఎల్డీసీ అంటే కేంద్ర జీతాల పట్టికలో లెవెల్ 2, మూల వేతనం 19,900. ఇంగ్లీషు టైపింగ్ నిమిషానికి 35 పదాలు రావాలి. ఇవాళే మొదలుపెట్టమనండి. ప్రకటన వచ్చాక నేర్చుకుంటే వేళ్లు తిరగవు.

పొదిలి_వృక్షమిత్ర
చాలా థ్యాంక్స్ సార్. ఇది వాడికి చూపిస్తాను. టైపింగ్ మాట ఎవరూ చెప్పలేదు మాకు.

దర్శి_సేద్యం
వృక్షమిత్ర అక్కా, మీరు యూనివర్సిటీ అంటే క్యాంపస్ ఒక్కటే అనుకుంటున్నారు. మన రెండు జిల్లాల్లో ఉన్న తలుపులు లెక్కేద్దాం రండి. నెల్లూరు దగ్గర కాకుటూరులో విక్రమ సింహపురి యూనివర్సిటీ, 2008లో వచ్చింది, దానిదే కావలి పీజీ సెంటర్. ఒంగోలులో ఆంధ్ర కేసరి యూనివర్సిటీ, అది అంతకుముందు నాగార్జున వాళ్ల పీజీ క్యాంపస్. ట్రిపుల్ ఐటీ ఒంగోలు క్యాంపస్ ఉంది, కానీ దాని నోటిఫికేషన్ ఆర్జీయూకేటీ (ట్రిపుల్ ఐటీలన్నిటి యూనివర్సిటీ) మెయిన్ సైట్‌లో నూజివీడు, ఇడుపులపాయ, శ్రీకాకుళంతో కలిపి రావొచ్చు. ముత్తుకూరులో ఫిషరీస్ కాలేజీ.

ఇక మా వైపు. లాంలో ఉన్న ఎన్జీ రంగా వ్యవసాయ యూనివర్సిటీకి నెల్లూరులో వరి పరిశోధనా స్థానం ఉంది, దర్శిలో కృషి విజ్ఞాన కేంద్రం (కేవీకే) ఉంది. ఇలాంటి చోట్ల ప్రాజెక్టుల కింద రీసెర్చ్ అసోసియేట్, ఎస్సారెఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలో), టీచింగ్ అసోసియేట్ వాకిన్లు వస్తాయి. కందుకూరులో పొగాకు పరిశోధనా కేంద్రం ఉంది, అది కేంద్ర వ్యవసాయ పరిశోధనా మండలి ఐసీఏఆర్‌ది, దాంట్లో 'యంగ్ ప్రొఫెషనల్' పోస్టులు చూసుకోవచ్చు. కొన్నిటికి అగ్రికల్చర్ డిగ్రీయే కావాలంటారు, కొన్నిటికి బోటనీ, బయోటెక్నాలజీ చాలంటారు. అర్హతల లైను పూర్తిగా చదవండి.

పెన్నా_గట్టు
తెలుగు వాళ్లకి ఇంకోటి. ప్రాచీన తెలుగు విశిష్ట అధ్యయన కేంద్రం మైసూరు నుంచి నెల్లూరుకు వచ్చింది గదా. అక్కడ పరిశోధన పోస్టులు కాంట్రాక్టు మీద వస్తే దాన్ని నడిపే మైసూరు సీఐఐఎల్ (భారతీయ భాషల కేంద్ర సంస్థ) సైట్‌లో కూడా చూడాలి. నెల్లూరులో ఉద్యోగానికి మైసూరు సైట్ చూడాలని ఎవరికి తడుతుంది! మా అక్క కూతురు ఎమ్మే తెలుగు, తనకి చెప్పింది నేనే.

కనిగిరి_కుర్రోడు
నేను ఎమ్మెస్సీ ఫైనలియర్. పీహెచ్‌డీ లేకుండా యూనివర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి అప్లై చేయలేం కదా? మా సార్ అదే చెప్పారు.

ఉదయగిరి_దుర్గం
అవును, యూజీసీ (యూనివర్సిటీలకి రూల్స్ పెట్టే కేంద్ర సంస్థ) 2018 రూల్స్‌లో యూనివర్సిటీకి పీహెచ్‌డీ కంపల్సరీ.

నెట్_నెల్లూరు
దుర్గం గారూ, అది మారింది. 2018 రెగ్యులేషన్స్‌లో పీహెచ్‌డీ తప్పనిసరి అన్న మాట నిజమే, కరోనా వల్ల దాన్ని 2023 జులై 1 దాకా వాయిదా వేశారు. ఆ గడువుకు ఒక్క రోజు ముందు యూజీసీ సవరణ ఇచ్చింది. ఇప్పుడు అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి కనీస అర్హత నెట్ లేదా సెట్ (రాష్ట్ర స్థాయి అర్హత పరీక్ష). పీహెచ్‌డీ ఉంటే మంచిదే, తప్పనిసరి కాదు. పీజీలో 55 శాతం, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ నాన్ క్రీమీలేయర్, దివ్యాంగులకి 5 శాతం సడలింపు.

ఇంకో మాట కుర్రోడికి. ఏపీసెట్ ఆంధ్రా యూనివర్సిటీ పెడుతుంది, అది మన రాష్ట్రంలోనే పనికొస్తుంది. నెట్ దేశమంతా. రెండూ రాయి. జేఆర్ఎఫ్‌కి (నెట్‌లో పై మార్కులు వచ్చినవాళ్లకి ఇచ్చే పరిశోధన ఫెలోషిప్) వయసు పరిమితి 30, పైన చెప్పిన వర్గాలకి, ఆడపిల్లలకి సడలింపు ఉంది. అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకి వయసు పరిమితే లేదు. జేఆర్ఎఫ్ వస్తే నెలకి 37,000. పీహెచ్‌డీ చేస్తూ ఇంటికి భారం కాకుండా ఉండొచ్చు.

ఉదయగిరి_దుర్గం
సవరణ సంగతి నాకు తెలియదు. మంచి మాట చెప్పారు.

కనిగిరి_కుర్రోడు
టెన్షన్ తీరింది సార్. పీహెచ్‌డీ సీటు కోసమే ఆగిపోయాను.

నెట్_నెల్లూరు
కనీస అర్హత వేరు, పిలుపు రావడం వేరు. అది కూడా విను. అప్లికేషన్లు ఎక్కువ వస్తే షార్ట్‌లిస్ట్‌కి యూజీసీ పట్టిక ఒకటి ఉంది, టేబుల్ 3ఏ. దాంట్లో పీహెచ్‌డీకి 30 మార్కులు. జేఆర్ఎఫ్‌కి 7, నెట్‌కి 5, సెట్‌కి 3. డిగ్రీలో 60 నుంచి 80 శాతం మధ్య ఉంటే 13, పీజీలో అదే రేంజికి 23. పరిశోధన పేపర్లు ఒక్కోదానికి 2, మొత్తం 10 దాకా. టీచింగ్ అనుభవం ఏడాదికి 2, అదీ 10 దాకా.

ఇప్పుడు వేసి చూడండి. డిగ్రీ, పీజీ రెండిట్లో 70 పైన, పీహెచ్‌డీ, నెట్, మూడు పేపర్లు, రెండేళ్ల అనుభవం ఉంటే 13, 23, 30, 5, 6, 4 కలిపి 81. పీహెచ్‌డీ ఒక్కటి తీసేస్తే 51. తేడా అదీ. అయితే ఈ మార్కులు ఇంటర్వ్యూ పిలుపు వరకే. ఆ గదిలోకి వెళ్లాక సెలక్షన్ ఇంటర్వ్యూని బట్టే. మన రాష్ట్రంలో స్క్రీనింగ్ పరీక్ష పెడితే ఆ నోటిఫికేషన్‌లో రాసిందే లెక్క.

పొదిలి_వృక్షమిత్ర
ఈ పట్టిక నేను ఇంత వివరంగా చూడలేదు. నా మార్కులు వేసుకున్నాను, పేపర్ల దగ్గర తగ్గుతున్నాను. యూజీసీ కేర్ లిస్టులో (యూజీసీ ఒప్పుకున్న జర్నళ్ల జాబితా) ఉన్న జర్నల్‌లోనే వేయాలా ఇప్పటికీ?

నెట్_నెల్లూరు
కేర్ లిస్టుని 2025 ఫిబ్రవరిలో యూజీసీ తీసేసింది. పీర్ రివ్యూ ఉన్న మంచి జర్నల్ చూసుకోమని సూచనలు ఇచ్చారు. కానీ డబ్బు తీసుకుని వారంలో అచ్చేసే వాటి జోలికి వెళ్లకండి. ఇంటర్వ్యూ బోర్డులో కూర్చునేవాళ్లకి ఆ పేర్లన్నీ తెలుసు.

కాకుటూరు_బస్సు
అనుభవం దగ్గర మా కన్సల్టెంట్ల కడుపు మంట కూడా చెప్తాను. పదేళ్లు చెప్పినా అసోసియేట్ ప్రొఫెసర్‌కి కావలసిన 8 ఏళ్ల సర్వీసులో అది చేరడం కష్టం. 2018 రెగ్యులేషన్స్ పదో క్లాజు చదవండి. తాత్కాలిక సర్వీసు లెక్కలోకి రావాలంటే సరైన సెలక్షన్ కమిటీ ద్వారా చేరి ఉండాలి, జీతం కూడా రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ నెల జీతానికి తగ్గకూడదు. రెగ్యులర్ వాళ్ల మూల వేతనం 57,700. మాకు ఎక్కడిస్తున్నారు అంత? గెస్ట్ ఫ్యాకల్టీకి పీరియడ్‌కి 1,500, నెలకి 50,000 దాకా ఇవ్వొచ్చని యూజీసీ 2019లోనే చెప్పింది. చాలాచోట్ల అదీ లేదు. పాఠం అదే, పేపర్లు దిద్దేది అంతే, పిల్లల ప్రాజెక్టులూ మేమే చూస్తాం.

కాబట్టి ఎవరు చేరినా సరే, చేరిన రోజే అపాయింట్‌మెంట్ ఆర్డర్, ఏ కమిటీ ఎంపిక చేసిందో ఆ వివరం, ప్రతి నెల జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్ దాచుకోండి. చేతికి జీతం ఇచ్చే చోటైతే అది బ్యాంకులో వేయమని అడగండి.

పెన్నా_గట్టు
మా ఆవిడ కూడా కన్సల్టెంటే. మీ పోస్టు చదివి చాలాసేపు మాట్లాడలేదు.

ఒంగోలు_గిత్త
రెగ్యులర్ నోటిఫికేషన్ వస్తే ఇదంతా ఉండదు గదా. 2023 అక్టోబరు చివర్లో రాష్ట్ర యూనివర్సిటీలన్నీ కలిపి 3,220 పోస్టులని ప్రకటించారు. అందరం అప్లై చేశాం. ఫీజులు కట్టాం, పేపర్ల జిరాక్సులన్నీ తీశాం. కోర్టు కేసులు పడ్డాయి, ఆగింది. ఇంటి దగ్గర అందరికీ చెప్పుకున్నాం, పండక్కి వెళ్తే ఇప్పటికీ అడుగుతారు.

లైబ్రరీ_మూల
కేసులు ఊరికే పడవు గిత్త గారూ. రోస్టర్ (ఏ పోస్టు ఏ రిజర్వేషన్‌కో చెప్పే వరస) తప్పుగా వేస్తే నష్టపోయేవాడు కోర్టుకి వెళ్లక ఏం చేస్తాడు? నోటిఫికేషన్ ఇచ్చేముందే రోస్టర్ పాయింట్లు సైట్‌లో పెట్టి అభ్యంతరాలు తీసుకుంటే సగం కేసులు ఉండవు.

ఒంగోలు_గిత్త
అందులో అనుమానం లేదు. కేసు వేసినవాళ్లని నేను అనలేదు.

ఉదయగిరి_దుర్గం
జాగ్రత్త చెప్పాలి. మా ఊళ్లో ఒకాయన యూనివర్సిటీలో జూనియర్ అసిస్టెంట్ పోస్టు ఇప్పిస్తానని ఒక కుటుంబం దగ్గర లక్షల్లో తీసుకున్నాడు. స్టాంపు, సంతకం అన్నీ ఉన్న అపాయింట్‌మెంట్ లెటర్ ఇచ్చాడు. పిల్లాడు కొత్త చొక్కా వేసుకుని జాయినింగ్‌కి వెళ్తే గేటు దగ్గరే తెలిసింది, అలాంటి ఆర్డర్ లేదని. వాళ్లు అమ్ముకున్న పొలం తిరిగి రాలేదు. ఇది చదివేవాళ్లు మీ ఇళ్లల్లో పెద్దవాళ్లకి చెప్పండి, మోసపోయేది ఎక్కువగా వాళ్లే.

రిటైర్డ్_సూపరింటెండెంట్
దుర్గం గారు మంచి విషయం ఎత్తారు. నోటిఫికేషన్ నంబరు లేకుండా బయటివాళ్లకు రెగ్యులర్ నియామకం ఉండదు. అప్లికేషన్ ఫీజు యూనివర్సిటీ ఖాతాకి పోవాలి గానీ మనిషి పేరున ఉన్న ఫోన్ నంబరుకి పోకూడదు. సైటు అడ్రసు చివర డాట్ ఏసీ డాట్ ఇన్, డాట్ ఈడీయూ డాట్ ఇన్ లేదా డాట్ గవ్ డాట్ ఇన్ ఉందా చూడండి. ఆన్‌లైన్‌లో డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేయాలి.

పొదిలి_వృక్షమిత్ర
సెంట్రల్ యూనివర్సిటీలకి ఒక్కో సైటూ తెరవాల్సిందేనా?

నెట్_నెల్లూరు
టీచింగ్ పోస్టులకైతే యూజీసీ 2023లో 'సీయూ చయన్' అని పోర్టల్ పెట్టింది. ఒకసారి ప్రొఫైల్ చేసుకుంటే సెంట్రల్ యూనివర్సిటీల ఖాళీలు అక్కడ కనిపిస్తాయి. నాన్ టీచింగ్‌కి చాలా యూనివర్సిటీలు అప్లికేషన్లు తీసుకోవడానికి సమర్థ్ పోర్టల్ వాడతాయి, కానీ ప్రకటన మాత్రం వాళ్ల వాళ్ల సైట్లలో చూడాలి. వారం వారం ఎంప్లాయ్‌మెంట్ న్యూస్ (కేంద్రం వేసే ఉద్యోగాల వారపత్రిక) తిరగేస్తే చాలావరకు ఒకచోట దొరుకుతాయి. మీ ఒంగోలు జిల్లా లైబ్రరీలో అడగండి.

లైబ్రరీ_మూల
సెంట్రల్‌కి పెట్టేటప్పుడు బీసీ వాళ్లు ఒకటి గమనించాలి. మీసేవలో తీసుకున్న మన రాష్ట్రం బీసీ సర్టిఫికెట్ అక్కడ చెల్లదు. కేంద్రం ఫార్మాట్‌లో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ కావాలి, మీ కులం కేంద్ర జాబితాలో ఉందో లేదో కూడా చూసుకోవాలి. ఈడబ్ల్యూఎస్ (ఓసీల్లో పేదల కోటా) సర్టిఫికెట్ అయితే ఆ ఆర్థిక సంవత్సరానిది కావాలి. ప్రకటన వచ్చాక తహసీల్దార్ ఆఫీసుకి పరిగెత్తితే గడువు దాటిపోతుంది.

దర్శి_సేద్యం
హార్డ్ కాపీ పంపమంటే చివరి రోజు దాకా ఆగకండి. 2025లో రిజిస్టర్డ్ పోస్టుని స్పీడ్ పోస్టులో కలిపేశారు. నోటిఫికేషన్‌లో పాత అలవాటుగా రిజిస్టర్డ్ అని రాసినా కంగారు పడొద్దు, స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. కవరు మీద పోస్టు పేరు, డిపార్ట్‌మెంట్, నోటిఫికేషన్ నంబరు పెద్దక్షరాలతో రాయాలి.

కాకుటూరు_బస్సు
వృక్షమిత్ర గారూ, మీకు నెట్ ఉన్నా సరే, మీ పీహెచ్‌డీ ఇచ్చిన యూనివర్సిటీ నుంచి యూజీసీ రెగ్యులేషన్స్ ప్రకారం చేశామని సర్టిఫికెట్ తీసుకోండి. రెగ్యులర్ మోడ్‌లో చేశారా, ఇద్దరు బయటి ఎగ్జామినర్లు చూశారా, ఓపెన్ వైవా జరిగిందా వంటివి రిజిస్ట్రార్ లేదా డీన్ సంతకంతో ఉంటాయి. వాకిన్‌లో కూడా అడిగేవాళ్లున్నారు. గైడ్ రిటైరవకముందే ఆ పని చేయించుకుంటే తిరగడం తగ్గుతుంది.

పొదిలి_వృక్షమిత్ర
మా గైడ్ ఈ ఏడాదే రిటైరవుతున్నారు! సోమవారమే వెళ్తాను. ఆర్టీఐ కూడా రాస్తున్నాను, సూపరింటెండెంట్ సార్ చెప్పిన మూడు ప్రశ్నలూ పెట్టాను.

ఒక మాట అడుగుతాను, కాదనకండి. మన రెండు జిల్లాల్లో ఎక్కడ వాకిన్ ఉన్నా, ఏ సబ్జెక్టుకైనా, ఎవరికి కనిపించినా ఇక్కడ పెట్టండి. తేదీ, చోటు, పీడీఎఫ్ ఏ పేజీలో ఉందో రాస్తే చాలు. మనకి పనికిరానిది ఇంకొకరికి పనికొస్తుంది.

పెన్నా_గట్టు
తప్పకుండా. కావలి, నెల్లూరు సైట్లు నేను చూస్తాను.

దర్శి_సేద్యం
వ్యవసాయం, కేవీకే, కందుకూరు నావి.

ఒంగోలు_గిత్త
ఒంగోలు రెండూ నేను చూసుకుంటా. గిత్త మాట తప్పదు.

కొత్తపట్నం_అల
ఇప్పుడే చేరాను, థ్రెడ్ అంతా చదివాను. ఎమ్‌లిబ్ చేశాను. లైబ్రరీ పోస్టులు టీచింగా, నాన్ టీచింగా? ఏ పేజీలో వెతకాలి?

లైబ్రరీ_మూల
రెండూ ఉన్నాయమ్మా. అసిస్టెంట్ లైబ్రేరియన్ అయితే అకడమిక్ పోస్టు, లెవెల్ 10, అదే 57,700 నుంచి మొదలు. లైబ్రరీ సైన్స్‌లో నెట్ లేదా సెట్ కావాలి. టీచింగ్ నోటిఫికేషన్ చివర్లో ఫిజికల్ ఎడ్యుకేషన్ పోస్టుల పక్కన ఉంటుంది, చాలామంది అక్కడిదాకా చదవరు. లైబ్రరీ అసిస్టెంట్, అటెండెంట్ లాంటివి నాన్ టీచింగ్‌లో వస్తాయి. నీకు నెట్ ఉందా?

కొత్తపట్నం_అల
డిసెంబరు సెషన్‌కి రాయాలనుకుంటున్నాను.

లైబ్రరీ_మూల
అయితే పాత ప్రశ్నపత్రాలు నా దగ్గర ఉన్నాయి, మెసేజ్ పెట్టు. పేపర్ 1 (అన్ని సబ్జెక్టుల వాళ్లకీ ఉమ్మడిది) ఇప్పుడే మొదలుపెట్టు, మన సబ్జెక్టు వాళ్లు ఎక్కువగా పోయేది అక్కడే.